‘లేదు’లో ఎన్ని లేదులు

“మామయ్యా, ఇన్నోడీబీ లేదట.”

మా మేనల్లుడు వంటింటి గుమ్మంలో నిలబడి ఈ మాట అన్నప్పుడు నేను డికాక్షన్ దిగడం కోసం చూస్తున్నాను. 2008 నాటి సంగతి. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం వాడు మా ఇంట్లో మకాం పెట్టాడు. కాలేజీలో సీనియర్ నుంచి వారసత్వంగా వచ్చిన కంప్యూటరు, 256 ఎంబీ మెమరీ. వెబ్ సర్వరూ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేసూ అన్నీ ఒకే మూటగా దించుకునే పొట్లం ఒకటి అందులో అప్పటికే ఎక్కించి ఉంది. లైబ్రరీ పుస్తకాల రాకపోకల లెక్క చూసే ప్రోగ్రాము రాస్తున్నాడు. టేబుళ్ళు కట్టే స్క్రిప్టు నడిపితే, ఇన్నోడీబీ అనే ఇంజన్ ఏమిటో నాకు తెలియదు పొమ్మంది డేటాబేసు సర్వరు.

వాడి వాక్యంలో నన్ను పట్టుకున్నది చివరి ‘ట’. లేదు అనకుండా లేదట అన్నాడు. తెలుగులో ‘అట’ సాక్ష్యం చెప్పదు. ఎవరో అన్నారు, నేను చూడలేదు, రేపు అబద్ధమని తేలితే నన్ను అడక్కండి అని ముందే చేతులు కడుక్కుంటుంది. సర్వరు అన్నమాట ‘తెలియదు’. మావాడు దాన్ని ‘లేదు’ చేసుకున్నాడు. ఆ తేడా ఎక్కడో లోపల గుచ్చుకున్నట్టుంది, ఒక ‘ట’ తగిలించి వదిలాడు. వాడికంటే వాడి వ్యాకరణమే జాగ్రత్తగా ఉంది. ఆ సాయంత్రమంతా తెలియదు, లేదు, కాదు, వద్దు అనే నాలుగు మాటల మధ్యే తిరిగాం.

స్టోరేజ్ ఇంజన్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. కిరాణా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన ఒకడు, వెనక సరుకు చూసే మనిషి ఇంకొకడు. మనం అడిగేది ముందున్నాయన్ని. సరుకు ఏ అరలో పెట్టాలి, ఎలా తియ్యాలి, ఇద్దరు ఒకేసారి ఒకే బస్తా అడిగితే ఎవరికి ముందు ఇవ్వాలి అన్నది వెనకాయన పని. మైఎస్‌క్యూఎల్‌లో ఈ వెనకాయన్ని మార్చుకోవచ్చు. అప్పట్లో ఎవరి పేరూ చెప్పకపోతే వచ్చేవాడు మైఐసామ్. ఒక్కో టేబుల్‌నీ విడివిడి ఫైళ్ళలో మూటకట్టి పెడతాడు, చురుకైనవాడు, చిట్టా మాత్రం రాయడు. ఇన్నోడీబీ పద్ధతి వేరు. పాతకాలపు షావుకారుకి చిట్టా, ఆవర్జా రెండూ ఉండేవి. జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో పడుతుంది, తీరిగ్గా ఆవర్జాకు ఎక్కుతుంది. మధ్యలో దీపం ఆరిపోయినా చిట్టా చూసి ఆవర్జా సరిచేసుకోవచ్చు. ఆనాటి ఇన్నోడీబీకి ఐబీడేటా1 అనే పెద్ద ఫైలు ఆవర్జా, ఐబీలాగ్‌ఫైల్0, ఐబీలాగ్‌ఫైల్1 చిట్టాలు. రాసినదాన్ని వెనక్కి తీసుకునే రోల్‌బ్యాక్ సదుపాయమూ ఉంది. ఫిన్లాండ్ దేశస్థుడు హెయిక్కి టూరి తయారుచేసిన ఇంజన్ ఇది. ఆయన కంపెనీ ఇన్నోబేస్‌ను 2005లో ఒరాకిల్ కొనేసింది.

అదీ లేదట.

ఇక ‘లేదు’ సంగతి. తమిళంలో ఇల్లై, కన్నడంలో ఇల్ల, మలయాళంలో ఇల్ల. మూడింటిలోనూ ముందు అచ్చు, తర్వాత లకారం. తెలుగులో మాత్రం లకారం ముందుకు దూకి లే అయింది. ఇది తెలుగుకి పాత అలవాటు. అటువైపు ఇరండు ఇటు రెండు, అవన్ వాడు అయ్యాడు, ఇవన్ వీడు అయ్యాడు, ఉరల్ రోలు అయింది. మాట మొదట్లో ఉన్న అచ్చును వెనక్కి నెట్టి హల్లును ముందు నిలబెట్టే ఈ ధోరణి మీద భద్రిరాజు కృష్ణమూర్తిగారు చాలా శ్రమపడ్డారు. ఆయన 1961 నాటి పుస్తకం తెలుగు క్రియాధాతువుల మీదే. నాకు ఇందులో సరదా అనిపించేది ఒకటుంది. ఇల్ అంటే తమిళంలో ఇల్లు కూడా. ఇంటి ఇల్ మన దగ్గర ఇల్లుగానే నిలిచింది, లేమి ఇల్ గెంతి లేదు అయింది. తెలుగువాడికి ఇల్లూ లేదూ కలిసిపోయే ప్రమాదం తప్పింది.

లేదు అన్నది మనకి ఒట్టి కాదనుకునే పొల్లు కాదు, పూర్తి క్రియ. నేను లేను, నువ్వు లేవు, వాడు లేడు, అది లేదు, మేము లేము, వాళ్ళు లేరు. లేకపోవడం కూడా ఒక పని అయినట్టు, ఎవరు లేకపోతే వాళ్ళ పేరున ప్రత్యయం పడుతుంది. ఉన్నదాన్ని లెక్కపెట్టినంత శ్రద్ధగా లేనిదాన్నీ లెక్కపెడుతుంది ఈ భాష. దీని పిల్లలు ఊరంతా ఉన్నారు. లేమి, లేనివాడు, లేనిపోని మాటలు, లేకపోతే, లేకుండా. అన్నిటికంటే గడుసుది ‘లేదా’. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

లేదుకి అన్న ‘ఉండదు’. మందుల షాపుకి వెళ్ళి ఒక మాత్ర పేరు చెబుతాం. “లేదండీ” అంటే రేపు రావచ్చని అర్థం. “మా దగ్గర ఉండదండీ” అంటే ఇంకెప్పుడూ రానక్కర్లేదని. మొదటిది ఇవాళ్టి సంగతి, రెండోది ఆ షాపు పద్ధతి. ఇక కాదు ఉంది. ఇది ‘అగు’ అనే ధాతువు వ్యతిరేకం, అవదు అన్నదానికి దగ్గరి చుట్టం. “ఇది పారాసిటమాల్ కాదు” అంటే వస్తువు చేతిలోనే ఉంది, మనం అనుకున్నది మాత్రం అది అవలేదు.

ఈ తేడా మనవాళ్ళకి తర్కంలో బాగా పనికొచ్చి ఉండాలి. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని ప్రతీతి. పదిహేడో శతాబ్దం మనిషి. తర్కం మొదలుపెట్టే ప్రతి పిల్లవాడూ ఆయన చేతుల మీదుగానే వెళ్తాడు. అందులో అభావం, అంటే లేకపోవడం, నాలుగు రకాలు. కుండ చెయ్యకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలు లేదు, కుండ తయారైన క్షణాన అంతమవుతుంది. కుండ పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం. దానికి మొదలుంది, అంతం లేదు. గాలికి రంగు లేకపోవడం అత్యంతాభావం, మూడు కాలాల్లోనూ లేనట్టే. నాలుగోది అన్యోన్యాభావం, కుండ గుడ్డ కాకపోవడం. చూశారా, నాలుగోది వివరించేటప్పుడు నా వాక్యంలో లేదు రాలేదు, కాదు వచ్చింది. మొదటి మూడింటినీ ఒక గుంపుగా, నాలుగోదాన్ని విడిగా చూడటం శాస్త్రంలోనూ ఉంది. సంస్కృతంలో ఆ విభజన చెయ్యడానికి సంసర్గాభావం అని పెద్ద పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. తెలుగు పిల్లవాడు రెండో ఏట, “బువ్వ లేదు”, “ఇది బువ్వ కాదు” అని చేసేస్తాడు.

ఈ తర్కం చెప్పే నైయాయికుల దగ్గర నేను నేర్చుకున్న పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. లేదు అన్నమాట ఒంటరిగా నిలవదని వాళ్ళంటారు. ఏది లేదు, ఎక్కడ లేదు అన్న రెండూ చెబితే తప్ప ఆ వాక్యానికి అర్థం పూర్తికాదు. నేల మీద కుండ లేదు అంటే కుండ ప్రతియోగి, నేల అధికరణం. వీధరుగు మీద లేని కుండ వంటింట్లో ఉండొచ్చు. అందుకే మావాణ్ణి అడిగాను.

“ఎక్కడ లేదురా?”

“అంటే?”

“సర్వరు ప్రోగ్రాములోనే లేదా, దాని పట్టికలో లేదా, డిస్కు మీద ఫైళ్ళు లేవా?”

వాడు నన్ను అనుమానంగా చూశాడు. డికాక్షన్ ఇంకా దిగలేదు, ఈయనకి తిక్క లేచింది అనుకుని ఉంటాడు. అయినా వెళ్ళి షో ఇంజిన్స్ అనే ఆజ్ఞ కొట్టాడు. సర్వరు తన దగ్గరున్న ఇంజన్ల జాబితా ఒక పట్టికగా ఇచ్చింది. అందులో సపోర్ట్ అనే గడిలో నాలుగు మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. యెస్, డిఫాల్ట్, నో, డిసేబుల్డ్. మైఎస్‌క్యూఎల్ కరదీపిక ప్రకారం నో అంటే ఆ ఇంజన్‌ని కలపకుండానే సర్వరును కంపైల్ చేశారని, దాన్ని నడుస్తున్న సర్వరులోకి తీసుకురాలేమని. మందుల షాపువాడి ‘ఉండదు’ ఇదే. డిసేబుల్డ్ అంటే ఇంజన్ లోపలే ఉంది, పనిలో లేదు. మా పట్టికలో ఇన్నోడీబీ ఎదురుగా డిసేబుల్డ్ అని ఉంది.

అంటే లేదు కానే కాదు. ఎవరో వద్దన్నారు.

వద్దు పాతరూపం వలదు. వలయు అంటే కావలసి ఉండు. కావలెను, కావాలి ఆ వలయు సంతానమే. దాని వ్యతిరేకం వలదు, అది నోట్లో నలిగి వద్దు. మొదట్లో అక్కర్లేదు అన్నంత మెత్తని మాట, రానురాను చెయ్యడ్డం పెట్టే మాటయింది. వస్తువు ఉంటేనే వద్దు అనగలం. పీట మీద కూర్చున్నవాడు “గారెలు వద్దు” అన్నాడంటే గారెలు పళ్ళెందాకా వచ్చాయన్నమాటే.

వద్దన్నది ఎవరో వెతికాం. మైఎస్‌క్యూఎల్ లేస్తూనే మై.ఐఎన్ఐ అనే చిన్న ఫైలు చదువుకుంటుంది, పొద్దున్నే దుకాణం తెరిచేముందు యజమాని రాసిపెట్టిన చీటీ చదువుకునే గుమాస్తాలాగ. నోట్‌ప్యాడ్‌లో తెరిచి కిందికి జరుపుకుంటూ పోతే ఒకచోట స్కిప్-ఇన్నోడీబీ అని ఒకే ఒక్క పంక్తి. దాని కింద ఇన్నోడీబీకి సంబంధించిన అమరికలు ఓ పది పంక్తులు. ప్రతిదాని ముందూ హ్యాష్ గుర్తు ఉంది, అంటే సర్వరు చదవకుండా దాటిపోవాల్సినవి. సీనియర్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు. 256 ఎంబీలో ఇన్నోడీబీ తన వాటా మెమరీ పట్టుకు కూర్చుంటోందని, తన ప్రాజెక్టుకి దాంతో పని లేదని, అందుకే ఆపానని చెప్పాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆరోజుల్లో చాలామంది చేసిన పనే.

తర్కంలో దీనికీ ఒక మాట ఉంది, ప్రతిబంధకం. నిప్పు ఉంది, కట్టెలు ఉన్నాయి, అయినా కాలడం లేదు. దగ్గర్లో ఒక మణి ఉండి నిప్పు పనిని అడ్డగిస్తోందని వాళ్ళ ఉదాహరణ. మణిని తీసేస్తే కాలుతుంది. నిప్పుని కొత్తగా తేనక్కర్లేదు. మేం చేసింది అంతే. స్కిప్-ఇన్నోడీబీ పంక్తి ముందు ఒక హ్యాష్ పెట్టాం. వద్దన్నదాన్ని వద్దన్నాం. కింది పంక్తుల ముందున్న హ్యాష్‌లు తీసేశాం.

సర్వరు ఆపి మళ్ళీ లేపాం. షో ఇంజిన్స్ కొట్టాం. డిసేబుల్డ్. స్క్రిప్టు నడిపాం. అదే పాట, తెలియదు.

“సర్వరు ఇన్నోడీబీని తెరవలేదు మామయ్యా.”

ఇక్కడ నా బుర్రలో దీపం వెలిగింది, వ్యాకరణం పుణ్యమాని. తెరవలేదు అంటే ఏమిటి? తెలుగులో చెయ్యలేదు అనే రూపానికి రెండు అర్థాలున్నాయి. నేను చెయ్యలేదు అంటే జరిగిపోయిన కాలానికి చెందిన నిరాకరణ. నేను చెయ్యలేను అంటే అశక్తత. నేను, నువ్వు, వాడు దగ్గర ప్రత్యయం మారి తేడా తెలుస్తుంది. వాడు చెయ్యలేదు, వాడు చెయ్యలేడు. అది దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. అది చెయ్యలేదు. తలచుకోకపోయిందా, చేతకాలేదా? కాగితం మీద విడదీసే దారి లేదు. నేను, నువ్వు, వాడు అన్నవాళ్ళ విషయంలో ఇంత జాగ్రత్త పడ్డ భాష వస్తువుల దగ్గర ఎందుకు ఊరుకుంది? వస్తువుకి ఇచ్ఛ లేదు కనక తేడా అక్కర్లేదని అనుకుని ఉండొచ్చు. సర్వరు అనేది ఒకటి వస్తుందని ఎవరనుకున్నారు.

మొదటిసారి తెరవలేదు అన్నప్పుడు అది తెరవకపోవడం, చీటీలో వద్దని ఉంది కనక. రెండోసారి తెరవలేకపోవడం. పైకి కనిపించే ముక్క రెండుసార్లూ ఒకటే. కరదీపికలో ఉందీ సంగతి. డిసేబుల్డ్‌కి కారణం రెండు రకాలుగా ఉండొచ్చని, కావలసిన అమరికలన్నీ సరిగ్గా ఇవ్వని సందర్భంలో ఎర్రర్ లాగ్ చూడమని. తెలంగాణ మిత్రుడొకడు పక్కనుంటే “ఓపెన్ ఐతలేదు” అనేవాడు. ఆ పలుకుబడిలో తిప్పలు వినిపిస్తాయి, ప్రయత్నం జరుగుతోంది, ఫలితం రావట్లేదు అని. కోస్తావాళ్ళ తెరవలేదులో ఆ తిప్పలు వినపడవు. ఆరోజు మా ఇంట్లో ఒక ఐతలేదు ఉండి ఉంటే అరగంట కలిసొచ్చేది. అన్నట్టు అదే మిత్రుడు మోటారు “చాలు చెయ్యి” అంటే వెయ్యమని, మా ఊళ్ళో చాలు అంటే ఆపమని. ఆన్, ఆఫ్ అనే ఇంగ్లీషు ముక్కలు మన ఇళ్ళలో ఊరికే స్థిరపడలేదు.

ఎర్రర్ లాగ్ తెరిచాం. అందులో సర్వరు నోరు విప్పి మాట్లాడింది. చిట్టా ఫైలు సైజు 5242880 బైట్లు ఉంది, అమరికలో రాసింది 67108864 బైట్లు, రెండూ పొసగడం లేదు అని. అయిదు ఎంబీ, అరవై నాలుగు ఎంబీ. సీనియర్ ఇన్నోడీబీని ఆపకముందు కొన్నాళ్ళు నడిపాడు, అప్పుడు పుట్టిన చిట్టాలు అయిదు ఎంబీవి. మావాడు హ్యాష్‌లు తీస్తూ తీస్తూ, పెద్దదైతే వేగం ఎక్కువని ఎక్కడో చదివి, 64 అని దిద్దాడు. చిట్టా కొలత తేడాగా ఉంటే ఏది నమ్మాలో తెలియక ఆనాటి ఇన్నోడీబీ తలుపు తెరవదు. దుకాణం నడుస్తుంది, వెనకాయన మాత్రం రాడు. ముందున్నాయన్ని అడిగితే ఆ పేరుగలవాడు నాకు తెలియదండీ అంటాడు. కోపం వచ్చిన తండ్రి మాకు అలాంటి కొడుకు లేడు అన్నట్టే, పెరటి గదిలో కొడుకు కూర్చునే ఉంటాడు.

మందు రెండు రకాలు. 64ని మళ్ళీ 5 చెయ్యడం ఒకటి. సర్వరును పద్ధతిగా ఆపి, పాత చిట్టా ఫైళ్ళు రెండింటినీ వేరే ఫోల్డర్‌లోకి జరిపి, కొత్తవి పుట్టనివ్వడం రెండోది. పద్ధతిగా ఆపడం ముఖ్యం, కరెంటు పోయి ఆగితే చిట్టాలో ఉన్నది ఆవర్జాకు ఎక్కి ఉండదు. ఐబీడేటా1 జోలికి మాత్రం పోకూడదు. అది పోతే ప్రధ్వంసాభావమే. మేం మొదటి మందే వేశాం. మైఎస్‌క్యూఎల్ 5.6 శాఖలో ఈ కొలత తేడాను సర్వరే సర్దుకోవడం నేర్చుకుంది. అప్పటికి మావాడికి పెళ్ళయింది.

ఇన్నోడీబీ ఎదురుగా యెస్ వచ్చింది. కాఫీ చల్లారిపోయింది.

ఇప్పుడు ‘లేదా’. ఇది లేదు మీద ‘ఆ’ చేర్చిన ప్రశ్న. లేదా? అని అడిగితే లేకపోవడాన్ని నిర్ధారించుకుంటున్నాం. అదే మాటను రెండు వస్తువుల మధ్య పెడితే, ‘పప్పు లేదా పులుసు’, విడదీసే మాటయింది. మొదటిది లేదా, అయితే రెండోది అని అందులో దాగిన సంభాషణ. ఇంగ్లీషు ఆర్‌లో ఈ నిరాశ వినపడదు. తెలుగువాడి ప్రత్యామ్నాయం ముందు ఒక లేమిని దాటి వస్తుంది. మంచి కొట్టువాడు ఈ లేదాని పైకి అంటాడు. “మీరడిగిన కంపెనీది లేదండీ, ఇది ఇవ్వమంటారా?” కొందరు అడక్కుండానే పొట్లం కట్టేస్తారు. ఇంటికొచ్చి విప్పితే తెలుస్తుంది.

మైఎస్‌క్యూఎల్ చాలాకాలం రెండో రకం కొట్టువాడు. ఇన్నోడీబీతో టేబుల్ కట్టమంటే, అది పనిలో లేకపోతే, మైఐసామ్‌తో కట్టేసి ఊరుకునేది. ఒక హెచ్చరిక ఇచ్చేదన్నమాట నిజమే, హెచ్చరికలు చదివే మనిషి ఎవరు? టేబుల్ తయారైంది, సమాచారం ఎక్కింది, అంతా బాగుంది. నెలల తర్వాత సగంలో ఆగిన లావాదేవీని వెనక్కి తిప్పబోతే, కొన్ని మార్పులు వెనక్కి రావు అని నసుగుతుంది. ఒక టేబుల్‌కీ ఇంకో టేబుల్‌కీ మధ్య మనం రాసుకున్న ఫారిన్ కీ కట్టుబాట్లను మైఐసామ్ విని, ఊఁ కొట్టి, మర్చిపోతుంది. మైఐసామ్‌కి రోల్‌బ్యాక్ గాలికి రంగు లాంటిది. ఇలా అడక్కుండా మార్చొద్దు అని సర్వరుకి చెప్పడానికి నో ఇంజిన్ సబ్‌స్టిట్యూషన్ అనే అమరిక ఉంది. మా అదృష్టం, ఆ పొట్లంలో అది పెట్టి ఉంది. కాబట్టే సర్వరు తెలియదు అని మొండికేసింది. ఆ మొండితనం మీద ఆరోజు మావాడు విసుక్కున్నాడు. నేనైతే లేదా అని పైకి అనని కొట్టువాడికంటే, తెలియదు పొమ్మనే కొట్టువాణ్ణి వందసార్లు నమ్ముతాను. 5.6.6 నుంచి ఈ అమరిక ఎవరూ చెప్పకుండానే అమల్లో ఉంటోంది.

మన ఇళ్ళలో లేదు అనకూడని చోట్లున్నాయి. మా అమ్మ ఏనాడూ బియ్యం లేవు అనలేదు. “బియ్యం నిండుకున్నాయి” అనేది. డబ్బా అడుగు కనిపిస్తుంటే నిండుకోవడం! దీపం ఆరింది అనదు, కొండెక్కింది అంటుంది. ఇల్లు లేమి పేరు పలకడానికి భయపడి నిండు పేరు పెట్టుకుంది. ఇన్నోడీబీతో తర్వాత్తర్వాత నాకు ఎదురైన ఇంకో ఫిర్యాదు, టేబుల్ నిండిపోయింది అన్నది. 1114 దాని నంబరు. ఆవర్జా ఫైలు ఇంతకు మించి పెరగకూడదని హద్దు పెట్టినప్పుడో, డిస్కులో జాగా అయిపోయినప్పుడో వస్తుంది. ఆ పంక్తి చూసిన మొదటిసారి నాకు వినిపించింది అమ్మ గొంతే. నిండుకుంది. అక్కడా నిజానికి అయిపోయింది జాగాయే కదా.

షో ఇంజిన్స్ పట్టికలో ఇంకో మాట ఉంటుంది, నల్. ఇంజన్ నో అని ఉన్న వరసలో, దానికి లావాదేవీలు తెలుసా, సేవ్‌పాయింట్లు తెలుసా అనే గడుల్లో యెస్సూ ఉండదు నోవూ ఉండదు, నల్ ఉంటుంది. లాటిన్ నుల్లుస్, ఏదీ కానిది అని. డేటాబేసుల్లో ఈ నల్ తెచ్చినన్ని తగువులు ఇంకేదీ తేలేదు. ఫోన్ నంబరు గడిలో నల్ ఉంటే ఆ మనిషికి ఫోన్ లేదనా, ఉంది మనకి తెలియదనా? నల్ నల్‌తో సమానమా అని అడిగితే అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు. సంబంధాత్మక డేటాబేసు సిద్ధాంతం తయారుచేసిన ఇ. ఎఫ్. కాడ్ చివరికి, 1990లో వచ్చిన తన పుస్తకంలో, ఈ ఒక్క గుర్తు చాలదని, ఉండాల్సింది తెలియకపోవడానికి ఒకటి, అసలు వర్తించకపోవడానికి ఒకటి, రెండు గుర్తులు కావాలని వాదించాడు. ఎవరూ వినలేదు. తెలియదు, వర్తించదు. ఆయనకి తెలుగు వచ్చి ఉంటే నాలుగైదు అడిగేవాడు.

ఆ పట్టిక మాటనైనా పూర్తిగా నమ్మొచ్చా అంటే, నమ్మకూడదు. ఫెడరేటెడ్ అని ఒక ఇంజన్ ఉంది, వేరే ఊళ్ళో ఉన్న సర్వరులోని టేబుల్‌ని ఇక్కడిదిలా చూపిస్తుంది. మామూలుగా దాని ఎదురుగా నో అని ఉంటుంది. కరదీపిక నిర్వచనం ప్రకారం అది ఉండదు, ఆశ వదులుకోవాలి. కానీ మై.ఐఎన్ఐలో ఫెడరేటెడ్ అని ఒక్క మాట రాసి సర్వరు లేపితే యెస్ అయి కూర్చుంటుంది. డిసేబుల్డ్ అనాల్సిన చోట నో అంది. పుట్టించినవాళ్ళకే తమ రెండు లేదుల మధ్య తేడా నిలవలేదు.

ఇక ఇన్నోడీబీ, మైఎస్‌క్యూఎల్ 5.5 శాఖతో, 2010లో, ఎవరి పేరూ చెప్పకపోతే వచ్చే ఇంజన్ అయింది. 5.7లో స్కిప్-ఇన్నోడీబీకి విలువ పోయింది. రాసినా ఆ సర్వరు పట్టించుకోదు. ఇవాళ మావాడి కొడుకు అదే పంక్తి రాసుకున్నా ఇన్నోడీబీని పక్కన పెట్టలేడు. వద్దు అనే మాటే ఆ భాషలో కొట్టేశారు.

కంప్యూటరు మాటల్ని తెలుగు చేస్తున్నవాళ్ళకి ఒక విన్నపంతో ఆపుతాను. డిసేబుల్డ్‌కి నిలిపివేయబడింది, అచేతనం అని రాస్తున్నారు. అచేతనం అంటే రాయీ రప్పా. నిలిపివేయబడింది అంటే ఎవరు నిలిపారో మింగేసిన వాక్యం, ‘బడు’ వాడితే వచ్చే ఇబ్బందే అది. చదివేవాడు వెతకాల్సింది ఆ ఆపినవాణ్ణే, ఆ ఒక్క పంక్తినే. మనకి వద్దు ఉంది, ఉండదు ఉంది, కాదు ఉంది, తెలియదు ఉంది. ఇన్ని ఉండగా గడిలో చోటు సరిపోదంటారా, అయితే మూడే మాటలు చాలు. “ఉంది, ఆపి ఉంచారు” అని రాయండి.